ఇల్లు వట్టిపోయే నెల

కాప్రాలో మా ఫ్లాటు తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే జొన్నరొట్టె వాసన వచ్చింది. అద్దెకున్న సుగుణ ఖాళీ చేసి వెళ్ళి అప్పటికి నాలుగు రోజులు. పొయ్యి గట్టు సబ్బు పెట్టి కడిగి వెళ్ళింది. కిటికీ ఊచల మీద దుమ్ము లేదు, బాత్రూములో బకెట్టు బోర్లించి ఉంది. అయినా మూడేళ్ళపాటు రోజూ కాల్చిన రొట్టెల వాసన వంటింటి గోడల్లోంచి పోలేదు. సుగుణ తెల్లవారి ఐదింటికి లేచి రొట్టెలు కొట్టేది. చుట్టుపక్కల హాస్టళ్ళకు, రెండు కర్రీ పాయింట్లకు ఆమే వేసేది. నేను బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణుంచి రెండు అపార్టుమెంట్ల సందులోంచి కాప్రా చెరువు అరచేయంత కనిపిస్తుంది. ఆ అరచేయంత నీళ్ళ కోసమే ఈ ఫ్లాటు కొన్నానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు మాత్రం అద్దె వస్తుందని చెప్పాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకిచ్చి చూడు అని కూడా ఒక మాట కలిపి ఉంటే నాలాంటి వాళ్ళు కొంచెం జాగ్రత్త పడేవాళ్ళు. రైల్వే ఆఫీసులో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుకు కొంత లోను కలిపి కొన్నాను. అద్దె లోనుకు సరిపోతుంది, లోను తీరాక మా ఇద్దరి మందులకు సరిపోతుంది అని నా లెక్క. పైవాళ్ళ బాత్రూము మా హాల్లోకి కారుతుందని ఆ లెక్కలో లేదు. లిఫ్టు చెడిపోతే ఆ ఇంట్లో ఉండని నేను కూడా చందా ఇవ్వాలనీ లేదు. లోను మీద వడ్డీ పెరిగింది కానీ అద్దె పెరగలేదు. మా చెల్లెలి కొడుకు ఫోను ముందు పెట్టుకుని, పెద్దమ్మా, ఈ డబ్బు బ్యాంకులో వేసుకుని ఉంటే కాలు మీద కాలేసుకుని కూర్చునేదానివి, అమ్మెయ్యి అని ప్రతి పండక్కీ చెబుతాడు. వాడు చెప్పేది తప్పు కాదు, అందుకే నాకు కోపం వస్తుంది.

ఇంతలో కింది ఫ్లాటాయన, పొద్దున్నే నెత్తి మీద రొట్టెలు కొడుతున్నారని అపార్టుమెంటు కమిటీకి కాగితం రాసిచ్చాడు. కమిటీవాళ్ళు నాకు ఫోన్ చేశారు. అదే వారంలో బ్రోకర్ యాదగిరి కూడా ఫోన్ చేసి, ఇప్పుడున్న రేట్లకు మీ ఇల్లు పుణ్యానికిచ్చినట్టే ఉంది అన్నాడు. నేను సుగుణను ఖాళీ చెయ్యమన్నాను. అగ్రిమెంటులో రాసుకున్నట్టే నెల టైమిచ్చాను. పిల్ల ఇంటర్ పరీక్షలయ్యేదాకా ఇంకొక్క నెల ఉంటానని ఆమె అడిగింది. కుదరదన్నాను. సరేనమ్మా అంది, మళ్ళీ అడగలేదు. మొగుడు లేని మనిషి, ఒక్కతే పిల్లను పెట్టుకుని బతుకుతోంది, ఆ మాట నాకు తెలియక కాదు. తెలిసే అన్నాను. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నేనింకా బాల్కనీలో ఉండగానే యాదగిరి ఫోన్ చేశాడు. మంచి పార్టీ దొరికిందట, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగస్థులు, అడ్వాన్సు చేతిలో పట్టుకుని ఉన్నారట, సాయంత్రం తీసుకొస్తానన్నాడు. ఒక్కరోజు ఖాళీగా ఉన్నా మీకే లాసు అని కూడా అన్నాడు. నేను మాత్రం, ఏమీ ఆలోచించకుండానే, ఒక నెలదాకా ఎవరికీ ఇయ్యనన్నాను. మూఢం నడుస్తుందా అమ్మా అని అడిగాడు వాడు. అట్లనే అనుకో అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట నాది కాదని తెలిసింది. అది మా అమ్మ మాట.

సీతాఫల్‌మండిలో మా ఇల్లు సన్నగా, పొడుగ్గా రైలుపెట్టెలా ఉండేది. వీధి వైపు రెండు గదులు మావి. వెనక వరుసగా రెండు పోర్షన్లు, ఒక్కోదానికి ఒక గది, ఒక వంటిల్లు. మధ్యలో సన్నటి వాకిలి, అందులో అందరికీ కలిపి ఒకే నల్లా. మా నాన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. పోర్షన్లు మాత్రం అమ్మ తన గాజులమ్మి కట్టించింది. అందుకని వాటి పెత్తనం అంతా ఆమెదే. పొద్దున నల్లా వచ్చే ముందు అమ్మ వాకిట్లో నిలబడి బిందెలు వరుస పెట్టించేది. ఆమె నడుముకు దోపుకున్న చెంగుకు తాళంచెవుల గుత్తి ఉండేది, నడిస్తే చిన్నగా చప్పుడయ్యేది. ఇప్పటికీ ఎక్కడైనా తాళంచెవులు గలగలమంటే నాకు తడిసిన వాకిలి వాసన వస్తుంది. బొగ్గుల పొయ్యి పొగ, సున్నపు గోడ, ఎవరింట్లోనో తాలింపు, అన్నీ కలిసిన వాసన అది.

అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశాక ఆ పోర్షన్ ఒక నెలపాటు ఎవరికీ ఇచ్చేది కాదు అమ్మ. అడ్వాన్సు తెచ్చి చేతిలో పెట్టినా వచ్చే నెల రమ్మనేది. మొదటి వారం సున్నం వేయించేది, అందులో చిటికెడు నీలిమందు కలిపించేది. మిగతా మూడు వారాలు ఊరికే వదిలేసేది. ఆ మూడు వారాలు నావి. బడి నుంచి రాగానే ఖాళీ పోర్షన్‌లోకి వెళ్ళిపోయేదాన్ని. సామాను లేని గదిలో నా మాట నాకే కొంచెం ఆలస్యంగా వినిపించేది. మధ్యాహ్నం ఎండ వెంటిలేటర్‌లోంచి పడి, గచ్చు మీద మెల్లగా జరిగి, గోడెక్కి, పోయేది. దాని వెంట నేను కూడా జరుగుతూ పడుకునేదాన్ని. సున్నం కింద పాతవాళ్ళ గుర్తులు లీలగా కనిపించేవి. ఒకచోట ముసలాయన తల ఆనించిన నూనె మరక, ఒకచోట కాలెండర్ వేలాడిన చతురస్రం, గుమ్మం చెక్క మీద పిల్లల ఎత్తులు. వాళ్ళంతా ఎక్కడికీ పోలేదనీ, గోడలోకి వెళ్ళి నిద్రపోతున్నారనీ అనుకునేదాన్ని. అప్పుడప్పుడు అమ్మ కూడా చాటలో బియ్యం పట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. రాళ్ళు ఏరిన చప్పుడు మాత్రం వినిపించేది.

నాన్నకు ఈ పద్ధతి అస్సలు నచ్చేది కాదు. నెల అద్దె నీళ్ళ పాలు చేస్తున్నావని అన్నం దగ్గర సణిగేవాడు. అమ్మకు ఒకటే జవాబు.

"పాలిచ్చే బర్రె సుత కొన్నాళ్ళు వట్టిపోతది. అట్లని గడ్డి వెయ్యమా?"

ఆ మాటకు నాన్న కంచంలోకి తల దించుకునేవాడు, ఎందుకంటే వాళ్ళ అమ్మ బర్రెల మీదే సంసారం ఈదింది. నేను కూడా ఇళ్ళకు నిజంగానే విశ్రాంతి కావాలని చాలా ఏళ్ళు నమ్మాను. అసలు సంగతి నా కళ్ళ ముందే జరిగింది, కానీ దాన్నీ ఈ ఖాళీ నెలనూ కలిపి చూసే వయసు కాదు నాది.

ఆ నెల అలవాటు రజియా చిన్నమ్మతో మొదలైంది. ఆమె, యాకూబ్ చిన్నాయన చివరి పోర్షన్‌లో ఉండేవాళ్ళు. ముసల్మానులే గానీ ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళు. చిన్నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. వాకిట్లో కూర్చుని పెద్ద విల్లుతో దూది ఏకుతుంటే తంబూరా మీటినట్టు చప్పుడు వచ్చేది. దూది పొగలా లేచి ఆరేసిన బట్టల మీద, బిందెల మీద, మా జడల మీద వాలేది. చిన్నమ్మ పరుపుల అంచులు కుడుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సూదిలో దారం ఎక్కించమనేది. అమ్మను అక్కా అని పిలిచేది. రంజాన్ నెలలో సాయంత్రం మా ఇంట్లో ముందు ఆమె పంపిన గిన్నె తెరిచేవాళ్ళం, ఆ తర్వాతే మా వంట.

మధ్య పోర్షన్‌లో ఉన్న ముసలమ్మకు దగ్గు పట్టుకుంది. దూది వల్లే అని ఆమె కొడుకు నాన్నతో గొడవ పెట్టుకున్నాడు. అప్పుడే నాన్నకు తెలిసిన గుమాస్తా ఒకాయన ఎక్కువ అద్దెకు వస్తానన్నాడు, ఒకటో తారీఖుకు ఇల్లు కావాలన్నాడు. ఆ మాట చిన్నమ్మతో చెప్పింది నాన్న కాదు, అమ్మే. నల్లా దగ్గర నిలబడి చెప్పింది. చిన్నమ్మ బిందె కింద పెట్టి, ఒక నెల టైమియ్యి అక్కా, మాకు ఇల్లు దొరుకుడు జెర కష్టం అంది. అమ్మ పది రోజులన్నది. వాళ్ళకు ఇల్లు ఎందుకు కష్టమో ఆ వీధిలో అందరికీ తెలుసు. అమ్మకు కూడా తెలుసు.

పదో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. అమ్మ చివరి పోర్షన్ మధ్యలో కదలకుండా నిలబడి ఉంది. చిన్నమ్మ తనే సున్నం వేసి వెళ్ళింది. గుమ్మం మీద కొట్టిన మేకులు పీకి, ఆ బెజ్జాల్లో సున్నం కూరింది. పొయ్యి మసి గీకేసింది. ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ ఉండనట్టే ఉంది. అమ్మ గోడలన్నీ తడిమి చూసి, నాతో కాదు, తనతో తానే అన్నట్టు, ఉన్నట్టే లేకుండ చేసి పోయింది అంది.

తర్వాత రెండు రోజులకు బొల్లారం నుంచి పాలు తెచ్చే ఆయన చెప్పాడు, యాకూబ్ వాళ్ళు అక్కడ ఎవరో చుట్టాల వరండాలో ఉన్నారని, ఇల్లు దొరకలేదని. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు గుమాస్తా సామాను బండితో వస్తే, ఇల్లు ఇయ్యట్లేదని గుమ్మం ముందే చెప్పి పంపించేసింది. నాన్న వీధిలో తలెత్తుకోలేక వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. అమ్మ చివరి పోర్షన్‌కు తాళం కూడా వెయ్యలేదు, ఊరికే గొళ్ళెం పెట్టి ఉంచింది. నేను ఆ గదిలోనే పడుకుని ఉండగా ఒక మధ్యాహ్నం వెంటిలేటర్‌లోంచి చిన్న దూది పింజ ఒకటి ఊడి, ఎండలో చాలాసేపు తిరిగి, నా పొట్ట మీద వాలింది. చిన్నమ్మకు అందని చోట అదొక్కటే మిగిలిపోయినట్టుంది. దాన్ని తీసుకెళ్ళి అమ్మకిచ్చాను. ఆమె దాన్ని తాళంచెవుల గుత్తి ఉన్న చెంగుకు ముడి వేసుకుంది.

ఆ ఆదివారం నన్ను తీసుకుని సికింద్రాబాద్ స్టేషన్‌లో బొల్లారం బండి ఎక్కింది. నాకు అదొక షికారు. కిటికీ పక్కన కూర్చుని దారిలో తోటల బంగళాలు, వాటి ముందు పెద్ద పెద్ద చెట్లు చూసుకుంటూ వెళ్ళాను. వాళ్ళున్న వరండాకు పాత దుప్పటి అడ్డం కట్టి ఉంది. చిన్నమ్మ మమ్మల్ని చూసి లేచి, మంచిగనే ఉన్నం అక్కా అని నవ్వి, పక్కింటి నుంచి చాయ్ తెప్పించింది. నా జడ విప్పి మళ్ళీ వేసింది. అమ్మ చాయ్ తాగి గ్లాసు కింద పెట్టింది. తర్వాత, నాదే తప్పు రజియా, ఇల్లు అట్లనే ఉంది, నడువున్రి పోదాం అంది. చిన్నమ్మ నా జడ చివర రిబ్బను ముడి వేస్తూనే చెప్పింది.

"వద్దక్కా. ఒక్కసారి లేపిన జాగల మళ్ల నిద్ర పట్టది."

కోపంగా అనలేదు. అమ్మ నొచ్చుకుంటుందేమో అని మెల్లగా అంది. తిరుగు బండిలో అమ్మ చెంగు ముడి విప్పుతూ, కడుతూ కూర్చుంది. నేను నిద్రపోయాను.

చిన్నమ్మ రాలేదు. అయినా నెల నిండేదాకా ఆ గొళ్ళెం అలాగే ఉంది. అప్పట్నుంచి ఎవరు ఖాళీ చేసినా అంతే. నేను పెద్దదాన్నయి, ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకుని వెళ్ళినా అమ్మ పద్ధతి మారలేదు. ఆ తర్వాత ఆ ఇల్లు బిల్డర్‌కిచ్చారు, ఇప్పుడు అక్కడ ఐదంతస్తులు లేచాయి. మా వాకిలి ఉన్నచోట కార్లు నిలబెడుతున్నారు. అమ్మ చివరి ఏళ్ళు నా దగ్గరే ఉంది. నేను కాప్రా ఫ్లాటు కొన్నప్పుడు ఒకసారి వచ్చి చూసి, బాల్కనీలో కుర్చీ వేయించుకుని కూర్చుని, ఎవరైనా పోతే నెల దాకా ఇంకొకరికి ఇయ్యకు బిడ్డా అంది. బర్రె మాట గుర్తొచ్చి నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పోయినోళ్ళకు కొత్తింట్ల కుదరకపోతే? మళ్ల రానీకి జాగ ఉండొద్దా?"

అప్పుడుగానీ నాకు బొల్లారం బండి, గొళ్ళెం పెట్టిన పోర్షన్ కలిసి ఒక్కటి కాలేదు. ఎవరైనా వచ్చిన్రా అమ్మా అని అడిగాను. ఒక్కరు సుత రాలే అంది. అన్ని నెలల అద్దె పోగొట్టుకున్న మనిషి ఆ మాట ఏ బాధా లేకుండా చెప్పింది. నేను మాత్రం ఆ సలహా విని పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఎవరి నెల వాళ్ళకు అగ్రిమెంటు కాగితం మీద రాసి ఉంటుంది. ఆ కాగితంలో నెల టైమిచ్చాను కాబట్టి, పది రోజులే ఇచ్చిన మా అమ్మ కన్నా నేను మంచిదాన్నని కూడా ఒక మూల అనుకున్నాను. ఆమె ఆ పది రోజులకు బతుకంతా బదులు చెల్లించుకుంది. నేను అద్దె పెంచుకుందామనుకున్నాను.

ఆ నెలంతా రోజు విడిచి రోజు మధ్యాహ్నం కాప్రా వెళ్ళి వచ్చాను. ఇల్లు చూసి వస్తానని ఇంట్లో చెప్పేదాన్ని. చాప పరుచుకుని హాల్లో పడుకునేదాన్ని. ఇక్కడ వెంటిలేటర్ లేదు, అద్దాల కిటికీ ఉంది. అయినా ఎండ అలాగే గచ్చు మీద జరిగి, గోడెక్కేది. అరవయ్యారేళ్ళ మనిషిని మోకాళ్ళ మీద జరుగుతూ ఎండ వెంట పోయానంటే నవ్వుతారు. సుగుణకు ఫోన్ చెయ్యాలని తీసి, పెట్టేసేదాన్ని. ఏమని చెయ్యాలి? చిన్నమ్మ అన్న మాటే ఈమె కూడా అంటే భరించగలనా అని భయం. మా ఆయన మాత్రం లోను కట్టాల్సిన రోజు దగ్గర పడుతోందని గుర్తుచేసి ఊరుకున్నాడు. రొట్టెల వాసన రోజురోజుకూ తగ్గిపోతుంటే, ముక్కు గోడకు పెట్టి చూసేదాన్ని.

నెల ఇంకా నాలుగు రోజులుందనగా తలుపు చప్పుడైంది. తీస్తే సుగుణ. చేతిలో తాళంచెవి.

మూడు తాళంచెవులుండాల్సింది రెండే ఇచ్చానని, మూడోది పిల్ల పుస్తకాల సంచిలో దొరికిందని చెప్పింది. మా ఇంటికి పోతే ఇక్కడున్నారని మా ఆయన చెప్పాడట. తాళంచెవి చాప మీద పెట్టి వెళ్ళబోయింది. కూర్చోమన్నాను. చాప మీద ఒక అంచున కూర్చుంది. పరీక్షలు ఎట్ల రాసింది పిల్ల అంటే బాగా రాసిందంది. కొత్తిల్లు ఎట్లుందని అడిగాను.

"మంచిగనే ఉందమ్మా."

ఆ జవాబు నేను ముందే ఒకసారి విన్నాను, బొల్లారంలో, దుప్పటి కట్టిన వరండాలో. అందుకే మళ్ళీ అడిగాను. ఈసారి ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, పిండి మూటలు ఎక్కించలేక రెండు హాస్టళ్ళకు రొట్టెలు బంద్ పెట్టానని.

"నిన్ను పొమ్మన్నది నా తప్పు సుగుణా. ఇల్లు ఎవ్వరికీ ఇయ్యలే. వస్తవా?"

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి గట్టు మీద అరచెయ్యి ఆనించి అటు నుంచి ఇటు రాసింది. నేను గుమ్మంలో నిలబడి రజియా చిన్నమ్మ మాట కోసం ఎదురుచూశాను.

"ఐదింటికి చప్పుడైతది మరి. కిందాయన మళ్ల పంచాయితి పెడతడు" అంది సుగుణ.

రొట్టెల పీట కింద దూది పరుపు ముక్క వేద్దామన్నాను, కిందాయనతో నేనే మాట్లాడతానన్నాను. అద్దె పాతదే అన్నాను. ఆమె ఐదువందలు పెంచుకోమంది, తక్కువకు ఉంటే నాకు నిద్ర పట్టదమ్మా అంది. అది విని నేను ఎందుకు ఏడ్చానో ఆమెకు తెలియదు. కంగారు పడి మంచినీళ్ళు తేబోయింది, ఆ ఇంట్లో గ్లాసు కూడా లేదు. దోసిట్లో పట్టుకొచ్చింది.

తాళంచెవి చాప మీదే ఉంది. దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాను. పిండి పట్టించాలి, గిర్నీ మూసేస్తారని త్వరగా వెళ్ళిపోయింది.

సాయంత్రం యాదగిరి ఫోన్ చేశాడు. మూఢం అయిపోయినట్టే కదా అమ్మా, పార్టీని తీసుకురావాల్నా అన్నాడు. ఇల్లు ఖాళీ లేదని చెప్పాను. కమీషన్ పోయిందని వాడి గొంతులో తెలిసింది. ఎవరు దిగిన్రమ్మా అని అడిగాడు. పోయినోళ్ళే అన్నాను. వాడికి అర్థం కాలేదు, నేను వివరంగా చెప్పలేదు కూడా. బాల్కనీ తలుపు వేస్తూ చెరువు వైపు చూశాను. మా అమ్మ ఖాళీగా ఉంచిన నెలలన్నిటికీ కలిపి, ఒక్కరు తిరిగొచ్చారు.